చెట్టినాడు మేడలు: ఎవరివి, ఎలా కట్టారు, మనం ఎక్కడ దిగాలి

రామేశ్వరం వెళ్ళే మనవాళ్ళకి కారైకుడి అంటే దారిలో వచ్చే ఒక స్టేషన్. రైలు ఏ అపరాత్రో అక్కడ ఆగుతుంది, మనం అటు తిరిగి పడుకుంటాం. ఈసారి మేం టికెట్టే కారైకుడికి తీసుకున్నాం. ఆ ఊరి చుట్టూ శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో ఉన్న డెబ్భైకి పైగా ఊళ్ళని కలిపి చెట్టినాడు అంటారు. కోడికూర వల్ల ఆ పేరు మన హోటళ్ళ మెనూల్లోకి ఎక్కింది గానీ, అక్కడ అసలు చూడాల్సినవి ఇళ్ళు. 2014లో ఈ ఊళ్ళు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి.

వెళ్ళింది నేను, మా ఆయన, మా అత్తగారు. ఆవిడ కోనసీమలో మండువా లోగిలిలో పుట్టి పెరిగిన మనిషి. ఒక ఇంట్లోకి అడుగుపెట్టగానే దూలం ఏ కర్రో, వాన నీళ్ళు ఎటు పోతాయో, వంటింటి పొగ ఎటు వెళ్తుందో చూసేస్తారు. అందుకే ఈ యాత్రలో సగం విషయాలు నేను ఆవిడ కళ్ళతోనే చూశాను.

ముందు ఆ ఇళ్ళవాళ్ళ గురించి చెప్పాలి. నాట్టుకోట్టై చెట్టియార్లు. వాళ్ళు తమని నగరత్తార్లమని చెప్పుకుంటారు. మనకి బొత్తిగా తెలియనివాళ్ళేం కాదు. కాశీలో దిగే యాత్రికులకి వాళ్ళ సత్రం తెలుసు. 1912లో శ్రీకాళహస్తి గుడి జీర్ణోద్ధరణకి డబ్బు పెట్టింది దేవకోట్టై చెట్టియార్లు. ఒకప్పుడు కావేరి పూంపట్టణంలో సముద్ర వ్యాపారం చేసేవాళ్ళమని, సముద్రం ముంచెత్తితే ఈ మెట్ట నేలకి వచ్చి స్థిరపడ్డామని వాళ్ళ వంశకథ. ఇళ్ళన్నీ ఎత్తయిన పునాదుల మీద ఉండటానికి ఆ నీటి భయమే కారణమని అక్కడ చాలామంది మాతో అన్నారు.

ఈ ఎర్రనేలలో పెద్దగా పంట లేదు, నది లేదు. మరి ఇంత డబ్బు ఎక్కడిది? బర్మా, మలయా, సిలోన్‌ల నుంచి వచ్చింది. 1852లో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని పట్టుకున్నాక, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక, ఐరావతి డెల్టా బియ్యానికి ప్రపంచమంతా గిరాకీ వచ్చింది. అడవి కొట్టి మాగాణి చేసుకునే బర్మా రైతుకి అప్పు కావాలి. ఆ అప్పు ఇచ్చింది చెట్టియార్లు. మగవాళ్ళు మూడేసి ఏళ్ళ లెక్కన ఏజెంట్లుగా రంగూన్, మౌల్మీన్ వెళ్ళి వస్తుండేవారు. ఇల్లూ, భార్యాపిల్లలూ ఇక్కడ. సంపాదన పడవెక్కి ఇక్కడికి వచ్చి మేడలైంది. 1930 నాటి బర్మా బ్యాంకింగ్ విచారణ నివేదిక ఆ దేశంలో చెట్టియార్ల పెట్టుబడిని దాదాపు 75 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. అది ఆనాటి 75 కోట్లు.

కానాడుకాత్తాన్‌లో వీధుల్లో నడుస్తుంటే ముందు తికమకపడతాం. వీధులు గీత గీసినట్టు నిటారుగా ఉంటాయి. ఒక్కో ఇల్లు ఈ వీధిలో మొదలై వెనక వీధిలో ముగుస్తుంది. రెండు వైపులా ఎత్తయిన గోడలు, మనిషి అలికిడి లేదు. గేటు మీద పేరు బదులు పొట్టి అక్షరాలు: వి.వి.ఆర్., ఎం.ఎస్.ఎం.ఎం., ఎం.సీటీ.ఎం. వీటిని విలాసం అంటారు. తాత, తండ్రి పేర్ల మొదటి అక్షరాలు వరసగా కూర్చినవి. సీటీ అంటే చిదంబరం, పీఎల్ అంటే పళనియప్పన్. ఇంటికీ, వ్యాపార సంస్థకీ అదే గుర్తు. ఈ సంగతి తెలిశాక వీధి మొత్తం చదవొచ్చు. ఏ ఇల్లు ఏ ఇంటికి అన్నదమ్ముల వరసో, ఏది తర్వాతి తరానిదో గేట్ల మీదే రాసి ఉంటుంది.

మేం దిగిన ఇంటి లోపలి వరస చెబుతాను, మిగతావన్నీ దాదాపు ఇదే పద్ధతి. వీధి మెట్లెక్కగానే రెండు పక్కలా ఎత్తయిన అరుగులు. లెక్కలు, బేరాలు, అతిథులు అక్కడే. ఆపైన బర్మా టేకు ద్వారబంధం. దాని మీద గజలక్ష్మి, పక్కన చిలకలు, లతలు, ఎక్కడా జానెడు ఖాళీ లేకుండా చెక్కుడు పని. అది దాటితే మొదటి మండువా, వాళ్ళు వళవు అంటారు. నాలుగు వైపులా స్తంభాల వసారా, ఆ వసారా వెంట వరసగా చిన్న చిన్న గదులు. తర్వాత రెండో కట్టు, భోజనాలకి. దాని వెనక మూడో కట్టు, వంటకీ ఆడవాళ్ళకీ. రుబ్బురోళ్ళు ఇప్పటికీ నేలలో పాతి ఉన్నాయి. వీధి గుమ్మంలో నిలబడి చూస్తే అన్ని గుమ్మాలూ ఒకే వరసలో ఉండి పెరటి తలుపు దాకా చూపు ఆగకుండా వెళ్తుంది.

మా అత్తగారు ఆ గదుల దగ్గర ఆగిపోయారు. "ఇంత ఇంట్లో గదులు ఇంతింతేనా? మంచం వేస్తే మనిషి తిరగడానికి లేదు. ఇన్నెందుకు కట్టారమ్మాయ్?" అన్నారు.

దానికి జవాబు ఆ ఇంటి బాగోగులు చూసే పెద్దావిడ చెప్పింది. అవి పడకగదులు కావట, వాటాలట. పెళ్ళయిన ప్రతి మగవాడూ ఆ సమాజంలో ఒక పుళ్ళి, అంటే లెక్కలో ఒక కుటుంబం. గుడికి చందా వేసినా, ఊళ్ళో నిర్ణయం చేసినా తలలెన్నని అడగరు, పుళ్ళులెన్నని అడుగుతారు. కొడుక్కి పెళ్ళి కాగానే వసారాలో ఒక గది, ఏడాదికి ఇంత అని బియ్యం, డబ్బు ఇచ్చి వేరు పెడతారు. ఒకే కప్పు కింద ఉంటూనే వంట వేరు, ఖర్చు వేరు. ఆ గదిలో కోడలు పుట్టింటి నుంచి తెచ్చిన ఇత్తడి, రాగి, ఎనామిల్ సామాను, ఇనప్పెట్టె, పట్టుచీరలు ఉంటాయి. పడుకోవడం, కూర్చోవడం, పిల్లల్ని ఆడించడం అన్నీ వసారాలోనే. కొడుకులు లేకపోతే మరో చెట్టియార్ ఇంటి నుంచి దత్తత తెచ్చుకునేవారు, పుళ్ళి ఆగిపోకూడదని. తమిళ సినీ కవి కణ్ణదాసన్‌ని కూడా చిన్నప్పుడే ఇలా కారైకుడిలో ఒకావిడకి దత్తత ఇచ్చారు.

ఈ ఒక్క విషయం అర్థమైతే చెట్టినాడులో మీరు చూసే ప్రతి ఇల్లూ అర్థమవుతుంది. ఇక్కడ ఇంటికి ఒక యజమాని అంటూ లేడు. 1900లో కట్టించినాయన పేరు అందరికీ తెలుసు. కానీ ఇవాళ ఆ ఇల్లు ఆయన మునిమనవళ్ళందరిదీ. ఒకరు చెన్నై, ఒకరు సింగపూర్, ఒకరు అమెరికా. వాళ్ళందరూ సంతకం పెడితే తప్ప ఇల్లు అమ్మడానికి లేదు, కొట్టడానికి లేదు. అందుకే ఇన్ని ఇళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి. పైకప్పు కారుతుంటే బాగుచేయించాలన్నా అందరూ డబ్బు వేసుకోవాలి. అందుకే ఇన్ని ఇళ్ళు పడిపోతున్నాయి కూడా. రెంటికీ మూలం ఒకటే. మేం చూసిన వాటిల్లో బాగున్న ప్రతి ఇంటి వెనకా, తక్కినవాళ్ళని ఒప్పించి ముందుకు నడిపిన ఒక మనిషో ఒక ట్రస్టో ఉంది.

కట్టడం గురించి మా అత్తగారు అడిగినన్ని ప్రశ్నలు ఏ గైడూ ఊహించి ఉండడు. గోడల నునుపు చూసి ముందు పాలరాయి అనుకున్నాం. కాదు, సున్నం. ఆల్చిప్పల సున్నం, సన్న ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్ళు, పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పొరలు పొరలుగా పూసి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దుతారు. వందేళ్ళ గోడ మీద అరచెయ్యి పెడితే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. "మా ఇంట్లో డంగుసున్నం గానుగ తిప్పేవారు, కరక్కాయ మాకూ ఉంది, గుడ్డు మాత్రం మాకు తెలీదు" అన్నారు ఆవిడ. పైన పెంకులు ఒక వరస కాదు, అనేక పొరలుగా పరిచారు. వాన నీళ్ళు మండువాలో నాలుగు మూలలా ఉన్న తొట్లలోకి దిగుతాయి, మిగిలినవి వీధి కాలువల ద్వారా ఊరుణి అనే చెరువుకి చేరేలా ఊరు మొత్తాన్నీ అలా కట్టుకున్నారు. నది లేని నేలలో నీటి చుక్క ఎక్కడా వృథా కాకుండా చూసుకున్న తీరు నన్ను ఆ టేకు స్తంభాలకన్నా ఎక్కువ కదిలించింది.

ఇళ్ళ వయసు పోల్చడానికి ఒక చిన్న దారి ఉంది. 19వ శతాబ్దంలో కట్టినవి ఎక్కువగా ఒకే అంతస్తు, ఎత్తు అరుగులు, కొయ్య స్తంభాలు, ఆడంబరం అంతా లోపలే. 1900 తర్వాత రెండో అంతస్తు లేచింది, వీధి వైపు పిట్టగోడలు, వాటి మీద సున్నంతో చేసిన దేవతలు. అమ్మవారి పక్కనే టోపీ పెట్టుకున్న దొరసిపాయిలు కూడా ఉంటారు. ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, జపాన్ టైల్స్, ఇంగ్లండు ఇనుము అప్పటివే. 1930ల్లో కట్టినవాటిలో చెక్కుడు పని తగ్గి, గుండ్రటి మూలలూ సన్నటి గీతలూ ఉండే ఆర్ట్ డెకో పద్ధతి వచ్చింది. ఆ తర్వాత కొత్త మేడల్లేవు.

ఎందుకు లేవో కూడా చెప్పుకోవాలి. 1930ల ఆర్థిక మాంద్యంలో బియ్యం ధర కూలిపోయింది. బర్మా రైతులు అప్పు తీర్చలేక తాకట్టు పెట్టిన భూములు వదులుకున్నారు. 1930లో దిగువ బర్మా వరి జిల్లాల్లో సుమారు 6 శాతం భూమి చెట్టియార్ల చేతిలో ఉంటే, 1938 నాటికి అది 25 శాతం దాకా వెళ్ళింది. వాళ్ళు కోరుకున్నది వడ్డీ, చేతికొచ్చింది భూమి. ఆ భూమి వల్లే అక్కడివాళ్ళ కోపం మూటగట్టుకున్నారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు వేలమంది కట్టుబట్టలతో పారిపోయి వచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత బర్మా ప్రభుత్వం భూముల్ని జాతీయం చేసింది. అక్కడితో డబ్బు రావడం ఆగిపోయింది. మాకు దొరికిన గైడ్లు టేకు బర్మాదని చెప్పారు, పాలరాయి ఇటలీదని చెప్పారు. భూమి పోగొట్టుకున్న రైతు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ స్తంభాల అందం చూసేటప్పుడు ఆ కథ కూడా చెప్పాలి. చూడటానికి వచ్చినవాళ్ళకి తెలియాల్సిన విషయం అది.

ఇక ఏ ఇల్లు చూడాలి అన్న దగ్గరికి వస్తే, కానాడుకాత్తాన్‌లో అందరూ ఫొటో తీసుకునేది చెట్టినాడు ప్యాలెస్. 1912లో రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ కట్టించింది. చిదంబరంలో అణ్ణామలై విశ్వవిద్యాలయం స్థాపించింది ఆయనే, 1929లో. 1907లో ఇండియన్ బ్యాంక్ పెట్టినవాళ్ళలో ఆయన అన్న రామస్వామి చెట్టియార్ ఒకరు. చెన్నై చేపాక్ స్టేడియానికి పేరున్న ఎం.ఎ. చిదంబరం అణ్ణామలై చెట్టియార్ కొడుకు. కేంద్ర ఆర్థికమంత్రిగా చేసిన పి. చిదంబరం ఆయన కూతురి కొడుకు, పుట్టింది ఈ ఊళ్ళోనే. మామూలు సందర్శకుల్ని లోపలికి రానివ్వరు. గేటు బయట నిలబడి చూసి రావడమే. దీనికోసం ఎక్కువ సమయం పెట్టుకోకండి.

దానికన్నా చుట్టుపక్కల వీధుల్లో కాపలావాళ్ళు తలుపు తీసి చూపించే పాత ఇళ్ళే నాకు నచ్చాయి. మర్యాదగా అడిగి, ఒక వంద రూపాయలు చేతిలో పెడితే మొదటి మండువా వరకు రానిస్తారు. గోడల మీద ముత్తాతల ఫొటోలు, తంజావూరు పటాలు, వసారాలో ఊయల బల్ల. చెప్పులు బయట విడవాలి. తాళం వేసిన గదుల దగ్గర ఫొటోలు తీయొద్దంటే తీయకండి, అవి ఒకరి సొంత వాటాలు.

ఆత్తంగుడిలో పెరియ వీడు అనే పెద్ద ఇంటికి టికెట్ ఉంది, తక్కువే. హాల్లో పైకప్పు చెక్క మీద వేసిన రంగులు చూస్తూ మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాం. సినిమా షూటింగులు బాగా జరిగే ఇల్లు కావడంతో జనం కూడా ఎక్కువే. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్తే కాస్త ఖాళీగా ఉంటుంది. కారైకుడిలో ఆయిరం జన్నల్ వీడు, అంటే వెయ్యి కిటికీల ఇల్లు, 1941లో లక్షా పాతిక వేలతో కట్టారని చెబుతారు. అది వీధిలోంచి చూడాల్సిందే. ఆటో ఆపి ఐదు నిమిషాలు చాలు.

ఆత్తంగుడిలో టైల్స్ చేసే చోటు మాత్రం తప్పకుండా చూడండి. బట్టీ లేదు, కాల్చడం లేదు. అద్దం పలక మీద లోహపు అచ్చు పెట్టి, గళ్ళల్లో రంగు కలిపిన పల్చటి సిమెంటు గరిటెతో పోస్తారు. అచ్చు తీసేసి, పైన పొడి ఇసుక సిమెంటు చల్లి, ఆపైన తడి మిశ్రమం నింపి అదుముతారు. కొంచెం ఆరాక నీళ్ళ తొట్లలో కొన్ని రోజులు నానబెట్టి, తీసి ఎండలో పెడతారు. అద్దం ఊడొచ్చినప్పుడు టైల్‌కి ఆ మెరుపు దానంతటదే వస్తుంది. ఇంటికి వేసుకోవాలనుకుంటే ఆర్డర్ అక్కడే ఇవ్వొచ్చు. లారీ ఖర్చు, దారిలో పగిలేవాటి లెక్క ముందే మాట్లాడుకోండి. రోజూ తుడిచి, అప్పుడప్పుడు కొబ్బరినూనె పట్టిస్తే ఏళ్ళ కొద్దీ మెరుస్తాయని అక్కడి పనివాళ్ళు చెప్పారు.

బసల విషయానికొద్దాం. మొదట కారైకుడిలో కొత్త బస్టాండుకి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులని కింది అంతస్తు గది ఫోన్లో అడిగి ఖాయం చేసుకున్నాం. తీరా వెళ్తే రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు పనిచేయడం లేదు. రాత్రంతా బస్సుల హారన్లు. గది శుభ్రంగానే ఉంది, పక్కనే మంచి ఇడ్లీ, పొద్దున్నే కాఫీ దొరికాయి. అద్దె వెయ్యీ పదిహేను వందల మధ్య. రామేశ్వరం దారిలో ఒక పూట ఆగేవాళ్ళకి ఇలాంటివి సరిపోతాయి. ఇళ్ళు చూడటానికే వచ్చేవాళ్ళకి మాత్రం నా సలహా, ఖర్చయినా సరే పాత ఇంట్లో ఒక్క రాత్రయినా పడుకోండి. పొద్దున్న వసారాలో ఒక వైపు ఎండ, సాయంత్రం ఇంకో వైపు. మధ్యాహ్నం వేడిగాలి మండువాలోంచి పైకి పోతుంటే కింద చల్లగా ఉండటం గంటసేపు చూసి వెళ్ళేవాళ్ళకి తెలిసేది కాదు.

కానాడుకాత్తాన్‌లో ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి. విశాలంని 1939లో ఒక చెట్టియార్ తన కూతురు విశాలాక్షి కోసం కట్టించారు. కొడుకుల వాటాల కోసం ఇళ్ళు కట్టే సమాజంలో కూతురికి మేడ కట్టడం అరుదు. ఆర్ట్ డెకో ఇల్లు, ఇప్పుడు ఒక హోటల్ సంస్థ నడుపుతోంది. గదులు పెద్దవి, స్నానాలగదులు సౌకర్యంగా ఉంటాయి, ఈత కొలను ఉంది. ధర కూడా దానికి తగ్గట్టే. దగ్గర్లోని కొత్తమంగళంలో ఉన్న శారద విలాస్‌ని ఇద్దరు ఫ్రెంచ్ ఆర్కిటెక్టులు బాగుచేశారు. యునెస్కో గుర్తింపు కోసం ఈ ప్రాంతం తరఫున పనిచేసినవాళ్ళు కూడా వాళ్ళే. కట్టడం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి అది మొదటి ఎంపిక అంటాను. తిరుమయం పక్కన కడియాపట్టిలో చిదంబర విలాస్ ఇంకా పెద్దది, పిల్లలతో వెళ్ళే కుటుంబాలకి బాగుంటుంది. సీజన్ని బట్టి ఈ తరహా ఇళ్ళల్లో రాత్రికి ఆరేడు వేల నుంచి పదిహేను వేల దాకా అవుతుంది.

మేం దిగింది వీటిల్లో దేంట్లోనూ కాదు, ఒక కుటుంబమే నడుపుకుంటున్న చిన్న ఇల్లు. అద్దె కొంచెం తక్కువ. అన్నదమ్ముల పిల్లల్లో ఒకాయన తక్కిన వాటాదార్ల దగ్గర లీజు తీసుకుని నాలుగు గదులు బాగుచేయించాడు. తక్కిన గదులకి తాళాలు అలాగే ఉన్నాయి. వేడినీళ్ళు వచ్చాయి, ఏసీ పనిచేసింది, పక్కలు తెల్లగా ఉన్నాయి. సామాను గదిని బాత్రూంగా మార్చడం వల్ల అది ఇరుగ్గా ఉంది, గుమ్మం ఎత్తుగా ఉంది. పెద్దవాళ్ళు ఉంటే గడపల సంగతి ముందే అడగండి. ఈ ఇళ్ళల్లో ప్రతి గుమ్మానికీ జానెడు గడప ఉంటుంది, లిఫ్టు అనే మాటే లేదు. మాకు మాత్రం అడగ్గానే కింది గది ఇచ్చి, అత్తగారి కోసం రాత్రి గడప దగ్గర ఒక చిన్న దీపం కూడా పెట్టారు. మండువాలో ఎవరు మాట్లాడినా అన్ని గదులకీ వినిపిస్తుంది, కాబట్టి ఎక్కువమంది స్నేహితులు కలిసి వచ్చే శని ఆదివారాలు తప్పించుకోండి. ఇంకొకటి, ఆ ఊళ్ళో చీకటిపడ్డాక తినడానికి దొరకడం కష్టం. రాత్రి భోజనం మధ్యాహ్నమే చెప్పేయాలి.

భోజనం అంటే గుర్తొచ్చింది. కారైకుడిలో ది బంగళా ఉంది. ఎం.ఎస్.ఎం.ఎం. కుటుంబం తమ పాత బంగళాని 1999లో హోటల్‌గా మార్చింది. అక్కడ దిగకపోయినా ముందురోజు ఫోన్ చేస్తే మధ్యాహ్నం అరిటాకు భోజనం పెడతారు. మాకు అరటిపువ్వు వడ, బెండకాయ మండి, పనియారం, చివర్లో కవుని అరిసి అనే నల్లబియ్యపు తీపి వడ్డించారు. ఆ బియ్యం కూడా బర్మా నుంచి వచ్చిందేనని చెబుతారు. మండిని బియ్యం కడిగిన నీళ్ళతో, చింతపండు పులుసుతో చేస్తారు. మా అత్తగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. మాంసాహారం తినేవాళ్ళకి పక్కనే మిరియాల కోడి, పీత మసాలా ఉన్నాయి. మాకున్న ఖర్చుల్లో ఇది కాస్త ఎక్కువే, కానీ వడ్డించేవాళ్ళు ఏది దేనితో తినాలో చెప్తూ నిదానంగా పెట్టారు. ఆ పద్ధతి నచ్చింది.

తిరగడానికి కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ ఐదింటికి ఇళ్ళన్నీ మూసేస్తారని తొందరపెట్టి, మమ్మల్ని కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధిలో పాత సామాన్ల కొట్ల దగ్గర దింపాడు. తర్వాత తెలిసింది, మేం వదిలేసిన ఇల్లు ఆరింటిదాకా తెరిచే ఉంటుందని. కారు మాట్లాడేటప్పుడే ఏ ఊళ్ళు, ఏ వరసలో అని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఆ వీధిలో మాత్రం నాకు గుండె బరువెక్కింది. కూల్చేసిన ఇళ్ళ ద్వారబంధాలు, టేకు స్తంభాలు, అద్దాలు, స్వీడన్ ఎనామిల్ గిన్నెలు గుట్టలుగా ఉన్నాయి. వాటి మధ్య ఫ్రేములు కట్టిన పెళ్ళి ఫొటోలు. ఎవరి తాతమ్మో కెమెరా వైపు బెదురుగా చూస్తోంది, ధర చీటీ అద్దం మీద అంటించి ఉంది. వాటాదార్లు రాజీ కుదుర్చుకుని ఇల్లు విడదీసి అమ్మేసుకున్నప్పుడు ఇవి ఇక్కడికి వస్తాయి. ఇలా వచ్చిన తలుపులు పెద్ద నగరాల రెస్టారెంట్లలో చాలామంది చూసే ఉంటారు. చిన్న ఇత్తడి సామాను కొనుక్కుంటే తప్పు లేదేమో గానీ, స్తంభాలు, తలుపులు కొనకండని గట్టిగా చెబుతాను. కొనేవాళ్ళు ఉన్నంతకాలం నిలబడి ఉన్న ఇంటికన్నా విప్పిన ఇంటికే ధర పలుకుతుంది. కొనాలనిపిస్తే ఇప్పటి చేతుల పని కొనండి: ఆత్తంగుడి టైల్స్, కారైకుడి కండాంగి చీరలు, తాటాకుతో అల్లే కొట్టాన్ బుట్టలు. కండాంగికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముతక నూలు, పెద్ద గళ్ళు, ఆవ పసుపూ ఇటుక ఎరుపూ. మా అత్తగారు ఒకటి కట్టుకుని రెండు బ్యాగులో పెట్టుకున్నారు.

ఇల్లు ఏమైపోతుందో అనుకునేవాళ్ళకి కొట్టైయూరుకి చెందిన డాక్టర్ అళగప్ప చెట్టియార్ కథ చెప్పాలి. సంపాదించిందంతా చదువులకే పెట్టిన మనిషి. కారైకుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ రావడానికి 300 ఎకరాలూ 15 లక్షల రూపాయలూ ఇచ్చారు, 1948లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేశారు. చివరికి తను ఉంటున్న ఇంటిని కూడా ఆడపిల్లల కాలేజీకి ఇచ్చేశారు. ఇంకో సంగతి, ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్ 1937లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ మొదలుపెట్టినప్పుడు ఒకే రోజు మూడు శాఖలు తెరిచారు: కారైకుడి, మద్రాసు, రంగూన్. ఆ మూడు పేర్లు చాలు, ఈ మేడలు ఎక్కడి డబ్బుతో లేచాయో చెప్పడానికి.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళు చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే మ్యూజియంలో ఒక చెట్టినాడు ఇల్లు చూడొచ్చు. కూల్చేయబోతున్న ఇంటిని విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. పనితనం దగ్గరగా చూడటానికి బాగుంటుంది, వివరాలు రాసి పెట్టారు. ఊరు, వీధి, వెనక వీధిలోకి తెరుచుకునే పెరటి తలుపు మాత్రం అక్కడ ఉండవు.

వెళ్ళేవాళ్ళకి దారి లెక్క: మదురై, తిరుచ్చి రెండు విమానాశ్రయాలూ కారైకుడికి సుమారు 90 కిలోమీటర్లు. చెన్నై నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా కారైకుడి దాకా వస్తుంది. కానాడుకాత్తాన్ అక్కడికి 15 కిలోమీటర్ల లోపు, దానికి చెట్టినాడు పేరుతో చిన్న స్టేషన్ ఉంది గానీ పెద్ద రైళ్ళు చాలావరకు ఆగవు. పిళ్ళయార్‌పట్టిలో కొండని తొలిచిన వినాయకుడి గుడి నగరత్తార్ల తొమ్మిది వంశాలయాల్లో ఒకటి, పొద్దున్నే వెళ్తే దర్శనం హాయిగా అవుతుంది. తిరుమయం కోట, దాని కింద కొండలో చెక్కిన పెరుమాళ్ళ గుడి ఒక పూటలో చూసేయొచ్చు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది, మార్చి దాటితే ఎండ తట్టుకోవడం పెద్దవాళ్ళకి కష్టం. తై మాసంలో, అంటే సంక్రాంతి తర్వాత, పెళ్ళిళ్ళకీ షష్టిపూర్తులకీ వాటాదార్లందరూ సొంత ఊళ్ళకి వస్తారు. తాళాలన్నీ తీస్తారు, మూడు కట్లలోనూ విస్తళ్ళు పడతాయి. ఆ రోజుల్లో మనలాంటివాళ్ళని చాలా ఇళ్ళల్లోకి రానివ్వరు, బసలు కూడా నెలల ముందే నిండిపోతాయి. కాబట్టి గది ఖాయం చేసుకునే ముందు ఆ వారంలో ఊళ్ళో పెళ్ళేమైనా ఉందా అని ఇంటివాళ్ళని అడగండి.